బ్యాకప్ (డేటాబేస్ నకలు తీయడం), రిస్టోర్ (ఆ నకలు నుంచి డేటాబేస్‌ను తిరిగి తేవడం) ఎప్పుడు జరిగిందో మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్కడ రాసుకుంటుంది?

ఎమ్‌ఎస్‌డీబీ అనే సిస్టమ్ డేటాబేస్‌లో, దానంతటదే: బ్యాకప్‌లు బ్యాకప్‌సెట్ టేబుల్‌లో, రిస్టోర్‌లు రిస్టోర్‌హిస్టరీ టేబుల్‌లో. ప్రతి సర్వర్ ఇన్‌స్టన్స్‌కూ (విడిగా నడిచే ఒక్కో ఎస్‌క్యూఎల్ సర్వర్‌కూ) ఎమ్‌ఎస్‌డీబీ వేరుగా ఉంటుంది కాబట్టి పని ఎక్కడ జరిగితే నమోదు అక్కడే.

తిరుపతిలో ఒక లాడ్జి బుకింగ్ డేటాబేస్‌ను బ్యాకప్ తీసి, చిత్తూరులోని టెస్ట్ సర్వర్‌లో రిస్టోర్ చేశారనుకోండి. ఆ రిస్టోర్ ఎవరు, ఎప్పుడు చేశారన్నది చిత్తూరు సర్వర్‌లోనే దొరుకుతుంది. తిరుపతిలో ఎంత వెతికినా కనబడదు.

టేబుల్‌లో బ్యాకప్ నమోదైన వరుస (రో) ఉంది కదా, బ్యాకప్ ఫైలూ ఉంటుందిలే అనుకోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. ఫైలును ఎవరైనా డిలీట్ చేసినా వరుస చెక్కుచెదరదు. టేబుళ్లలోని పాత చరిత్రను తుడిచేసినా డిస్క్ మీది బ్యాకప్ ఫైళ్లు పోవు (వాటి స్థలం ఖాళీ అవుతుందని ఆశపడొద్దు). అన్నట్టు, ఫైలు ఉన్నంత మాత్రాన అది రిస్టోర్ అవుతుందనీ కాదు. రిస్టోర్ చేసి చూస్తేనే తెలుస్తుంది.