జార్జ్ ఓవెన్ కాగితాలు చదవబోతున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

వేల్స్‌లోని అబరిస్ట్విత్ వెళ్లి, నాలుగొందల ఏళ్ల కిందటి చరిత్రకారుడు హెన్‌లిస్ జార్జ్ ఓవెన్ జీవిత చరిత్ర రాస్తావట, మీ నాన్న చెప్పాడు. మన పిల్ల అంత పనికి పూనుకుందని సంతోషమే. నీ తొందర తెలిసినవాణ్ని కనుక దిగులూ ఉంది.

అక్కడి నేషనల్ లైబ్రరీలోకి పెన్ను వద్దు, పెన్సిలే. మొదటి వారం అక్షరాలు గుర్తుపట్టడానికే కేటాయించు. ఆ కాలపు చేతిరాతలో ఇంగ్లీషు సీ అక్షరం మన కంటికి ఆర్‌లా కనిపిస్తుంది.

తేదీల దగ్గర ఆగు. ‘ఎలిజబెత్ 42వ ఏడు, ఫిబ్రవరి 3’ అని ఉంటే, ఆ రాణి ఏలుబడి ఏడు నవంబరు 17న మారుతుంది కనుక అది మనకు 1600. వాళ్ల సంవత్సరాది మార్చి 25, అందుకే వాళ్లు 1599 అని వేస్తారు. రెండూ రాసుకో. లేకపోతే ఫిర్యాదు కంటే జవాబే ముందొచ్చినట్టు తేలుతుంది.

నా అసలు భయం వేరే. లండన్‌లోని స్టార్ ఛాంబర్ అనే రాజుగారి కోర్టు దావాల్లో, అవతలివాడు కత్తులూ కర్రలతో గుంపుగా వచ్చి పడ్డాడనే ప్రతివాడూ రాస్తాడు. అది నమ్మి ఓవెన్ జిల్లా పెంబ్రోక్‌షైర్ అంతా రౌడీల రాజ్యమని రాసేస్తారు కొత్తవాళ్లు. ఆ కోర్టు భూమి హక్కు తేల్చేది కాదమ్మా, అల్లరీ దౌర్జన్యమూ విచారించేది. కాబట్టి కంచె తగాదాని కూడా లాయరు కొట్లాటగా రాసేవాడు. మన ఊళ్ల ఫిర్యాదుల్లో ‘మారణాయుధాలతో’ అన్న మాట ఎలా పడుతుందో తెలియనిదానివా? దావా ఒక్కటే చదివి కలం పట్టకు. ప్రతివాది జవాబు, సాక్షుల వాంగ్మూలాలు పక్కన పెట్టుకో. తీర్పు దొరకదని ముందే అనుకో, చాలావరకు పోయాయి.

పైగా నీ మనిషి తక్కువవాడు కాదు. తండ్రి విలియం లాయరు, కెమైస్ అనే జమీందారీ లాంటి ప్రభుపదవిని కోర్టుల్లో పోరాడి సంపాదించాడు. కొడుకూ లండన్‌లో బర్నార్డ్స్ ఇన్ అనే న్యాయ విద్యాలయంలో చేరాడు, ఆ హక్కులు నిలుపుకోవడానికే జీవితమంతా పాత దస్తావేజులు పోగుచేశాడు. ఆయన ఎత్తి రాసుకున్న ప్రతి పాత పత్రం వెనకా ఏ తగాదా ఉందో అడుగు.

దావాలతో విసుగొస్తే 1603లో పెంబ్రోక్‌షైర్ గురించి ఆయన రాసిన పుస్తకం తియ్యి. పొలానికి సారమిచ్చే మార్ల్ అనే సున్నపు మట్టి ఎలా తోలాలో, సున్నపురాయి చార ఏ ఊళ్ల మీదుగా పోతుందో ఎంత ఇష్టంగా చెప్పాడో! అక్కడ ఆయన ఎవరి మీదా గెలవక్కర్లేదు.

ఆయన ఊరివైపు నెవెర్న్ వెళ్లేటప్పుడు వానకోటు మరిచిపోకు. చేరగానే ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న