ట్రాలీ లాగే బండి: చిన్నదా, పెద్దదా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. కొత్త ట్రాక్టర్ తీసుకోవాలనుకుంటున్నాను. దున్నకం కన్నా ట్రాలీ కిరాయిలే ఎక్కువ. సీజన్లో వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్‌కు, మిల్లుకు తోలాలి. మిగతా రోజుల్లో ఇటుక, ఇసుక. 40 హెచ్‌పీ చాలని షోరూమ్‌లో అంటున్నారు. 50 హెచ్‌పీకి తగ్గొద్దని మా బావ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ బావ మాట వినండి. అయితే హెచ్‌పీ చూసి కాదు, బండి బరువు, బ్రేకు చూసి. ఇంజను బలం ఒక్కటే లెక్కేస్తే షోరూమ్ వాళ్లు చెప్పిందీ నిజమే. ఆ తేడా ఎక్కడొస్తుందో చూద్దాం.

40 కిలోల బస్తాలు 100 వేస్తే సరుకే 4 టన్నులు. రెండు చక్రాల ట్రాలీ సొంత బరువు 1.4 టన్నులు అనుకుందాం. మొత్తం 5.4 టన్నులు. సాఫు తారు రోడ్డు మీద దీన్ని కదిలిస్తూ ఉండటానికి టన్నుకు సుమారు 20 కిలోల లాగుడు చాలు, అంటే 110 కిలోల లోపే. అందుకే రోడ్డెక్కాక చిన్న ట్రాక్టర్ కూడా హాయిగా పోతుంది, కొనేటప్పుడు మనం మోసపోయేదీ అక్కడే. పొలం బాటలో మట్టి వదులుగా ఉంటే టన్నుకు 60 కిలోలు కావాలి. కాలువ కట్ట ఎక్కే ర్యాంపు 100 అడుగులకు 10 అడుగులు లేచేదైతే, ఆ ఎక్కుడుకు టన్నుకు ఇంకో 100 కిలోలు. ట్రాక్టర్ కూడా తన బరువును తానే పైకి మోసుకోవాలి కాబట్టి అదీ కలిపితే ఆ ర్యాంపు మీద కావలసిన లాగుడు దాదాపు 1,050 కిలోలు.

గంటకు 4 కిలోమీటర్ల వేగంతో 1,050 కిలోలు లాగడానికి చక్రాల దగ్గర 16 హెచ్‌పీ చాలు. 40 హెచ్‌పీ ఇంజనుకు అది లెక్కలోకి రాదు. ఆగిపోయేది చక్రం పట్టు దగ్గర. 40 హెచ్‌పీ తరగతి ట్రాక్టర్ బరువు సుమారు 1,850 కిలోలు, అందులో వెనక చక్రాల మీద పడేది 1,150. ట్రాలీ కొక్కెం మీద మోపే 500 కలిపితే 1,650. పొడి మట్టి మీద టైరు పట్టు తన మీదున్న బరువులో సగం, అంటే 825 కిలోలు. కావలసింది 1,050. చక్రం అక్కడే తిరుగుతుంది, గుంత తవ్వుతుంది. తడిసిన రేగడిలో పట్టు మూడో వంతుకు పడిపోతుంది కాబట్టి వానాకాలం కోతల్లో ఈ లెక్క ఇంకా కష్టం.

50 హెచ్‌పీ ట్రాక్టర్ బరువు 2,100 దాకా ఉంటుంది. 16.9-28 సైజు వెనక టైర్లుంటే ఒక్కోదాంట్లో 200 లీటర్ల నీళ్లు పట్టించొచ్చు, అంటే ఇంకో 400 కిలోలు. అప్పుడు వెనక చక్రాల మీద సుమారు 2,250 కిలోలు, పట్టు 1,125. నీళ్ల బరువు కూడా ఎక్కాలి కాబట్టి అవసరం 1,110 దాకా పెరుగుతుంది. అంటే అంచు మీద ఎక్కుతుంది. అదే బండి నీళ్లు లేకుండా ఎక్కదు, 50 హెచ్‌పీ అని రాసి ఉన్నా సరే. నీళ్లు పట్టించాలంటే వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి, జాకీ మీద లేపి, వాల్వు మట్టం వరకే నింపాలి. మొత్తం నింపితే గాలికి చోటుండదు, టైరు రాయిలా కొడుతుంది.

ఇక దిగుడు. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులుండవు. వెనక తోసే ఐదున్నర టన్నులను కూడా ట్రాక్టర్ వెనక చక్రాలే ఆపాలి. 100 బస్తాలతో, 25 కిలోమీటర్ల వేగంలో, పొడి తారు మీద గట్టిగా బ్రేకు తొక్కితే చిన్న ట్రాక్టరూ పెద్దదీ రెండూ ఎక్కుడు దిగుడు లేని రోడ్డు మీద 15 నుంచి 18 మీటర్లలో ఆగుతాయి. అదే పదికి ఒకటి దిగుడులో చిన్న ట్రాక్టర్‌కు 65 మీటర్ల పైన కావాలి, నీళ్లు పట్టించిన పెద్దదానికి 35 మీటర్లు. కాలు బ్రేకు మీదికి పోయేలోపు నడిచే దూరం ఇందులో కలపలేదు. ఈ ఒక్క తేడా కోసమే పెద్దది తీసుకోమంటున్నాం.

డబ్బు కుదరక 40 హెచ్‌పీయే తీసుకుంటే టైర్లలో ఒక్కోదానికి 150 లీటర్ల నీళ్లు పట్టించి, ఆ ర్యాంపుకు 80 బస్తాలకు మించకండి. ఇటుకైతే వెయ్యికి సుమారు 3 టన్నులు, అంటే వెయ్యి దగ్గరే ఆపాలి. ఇసుక మరీ మోసం చేస్తుంది. 100 ఘనపుటడుగుల పొడి ఇసుక నాలుగున్నర టన్నులు, వాగులోంచి తడిగా తీస్తే 5 దాటుతుంది. ట్రాలీ నిండకముందే బరువు నిండిపోతుంది. కన్ను చూసేది ఎత్తునే. కాబట్టి కొత్త సరుకు మొదటిసారి వేసినప్పుడు ఒకసారి వేబ్రిడ్జి మీద తూయించండి.

కొనేటప్పుడు నూనెలో మునిగిన బ్రేకులు, పవర్ స్టీరింగ్ ఉన్న మోడల్ అడగండి. డబుల్ క్లచ్ ట్రాలీ పనికి పెద్దగా అక్కర్లేదు, రోటవేటర్ ఉంటేనే దానికి డబ్బు పెట్టండి. కొత్త ట్రాలీ చేయించుకుంటుంటే బ్రేకులున్న ఇరుసే వేయించండి.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో టెంట్ హౌస్ నడుపుతున్నాం. టాటా ఏస్ లాంటి చిన్న బండి ఉంది. జనరేటర్‌ను రెండు చక్రాల ట్రెయిలర్ మీద ఎక్కించి వెనక కట్టుకుపోవచ్చా? లేక పెద్ద పికప్ కొనాలా?

జవాబు: చిన్న బండికి కట్టకండి. 25 కేవీఏ జనరేటర్ డబ్బాతో సహా టన్ను దాకా ఉంటుంది. ఇనుప ఫ్రేము, చక్రాలు కలిస్తే 1.4 టన్నులు. ఏస్ ఖాళీ బరువు టన్ను కూడా ఉండదు. వెనక ఉన్నది ముందున్నదాని కన్నా బరువైతే, బ్రేకు తొక్కినప్పుడు ట్రెయిలరే బండిని తిప్పేస్తుంది. జడ్చర్ల వైపు 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే వేగం ఊరకే 60 దాటుతుంది, అక్కడ ఇది ప్రాణాంతకం.

బ్రేకులు లేని ట్రెయిలర్ మొత్తం బరువు, లాగే బండి ఖాళీ బరువులో సగానికి మించకూడదన్నది మంచి కొలత. పెద్ద పికప్ ఖాళీగా 1,700 కిలోల చుట్టూ ఉంటుంది, సగం అంటే 850. అంటే మీ జనరేటర్‌కు అదీ చాలదు. మా సలహా వేరే: 1.7 టన్నులు మోసే పికప్ తీసుకుని జనరేటర్‌ను తొట్టిలోనే ఎక్కించండి. ముందు గోడకు ఆనించి, నాలుగు మూలలా రాచెట్ బెల్టులతో బిగించండి. టెంటు సామాను రెండో ట్రిప్పులో చిన్న బండి మీద పోనివ్వండి.

10 కేవీఏ లాంటి చిన్న జనరేటర్ అయితే పికప్‌కు ట్రెయిలర్ కట్టొచ్చు, అది కూడా కంపెనీ మాన్యువల్లో లాగుడు బరువు ఇచ్చి ఉంటేనే. కొక్కెం బంపర్‌కు కాదు, ఛాసిస్‌కు బిగించాలి. ట్రెయిలర్ మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా కొక్కెం మీద పడాలి. 800 కిలోల ట్రెయిలర్‌కు 80 నుంచి 115 కిలోలు. ట్రెయిలర్ మెడను, అంటే కొక్కేనికి తగిలించే ముందు కొసను, కిరాణా కొట్టు ప్లాట్‌ఫాం కాటా మీద ఆనిస్తే తెలిసిపోతుంది. తక్కువైతే జనరేటర్‌ను ముందుకు జరపండి. కొక్కెం తేలికైతే ట్రెయిలర్ పాములా ఊగుతుంది. ఊగడం మొదలైతే బ్రేకు తొక్కొద్దు, యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ నిటారుగా పట్టుకోండి, వేగం తగ్గేకొద్దీ అదే సర్దుకుంటుంది. రెండు గొలుసులు మెడ కింద కత్తెరలా ఒకదాన్నొకటి దాటేలా వేయండి. పిన్ను ఊడినా మెడ నేలకు తగలకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది. చట్టం ప్రకారం ట్రెయిలర్ కూడా మోటారు వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్ నంబరు, వెనక లైట్లు తప్పనిసరి.

ప్రశ్న: నల్లగొండ దగ్గర బత్తాయి తోట. కాయను బాటసింగారం మార్కెట్‌కు పంపడానికి ఏస్ కొనాలా, బొలెరో పికప్పా?

జవాబు: ఒక కోతకు ముప్పావు టన్ను లోపే వస్తే ఏస్. టన్నున్నర వస్తే పికప్. ముప్పావు టన్ను బండి మీద టన్నున్నర వేసి హైదరాబాద్ దాకా నడిపితే బండి కింది స్ప్రింగు పట్టీలు, వెనక బేరింగులు త్వరగా పోతాయి, బ్రేకులు మంటెత్తుతాయి. ఎంత వేయొచ్చో ఆర్‌సీలోనే ఉంటుంది: మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేయండి, డ్రైవరునూ క్లీనరునూ కూడా తీసేయండి, మిగిలింది సరుకు. మోటారు వాహనాల చట్టంలో అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా రాసి ఉంది. ఇంకో మాట. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి. రెండు టన్నుల పికప్‌లు దాటుతాయి.

ప్రశ్న: ట్రాలీతో కట్ట ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు లేస్తున్నాయి. ముందు బరువులు వేస్తే చాలా? (అచ్చంపేట)

జవాబు: మొదట ట్రాలీ కట్టే కొక్కెం ఎత్తు చూడండి. ట్రాలీని వెనక ఇరుసు మట్టానికి పైనున్న చోట, ముఖ్యంగా టాప్ లింకు బ్రాకెట్‌కు కడితే లాగుడు మొత్తం ట్రాక్టర్‌ను వెనక్కి మలుస్తుంది. కింద ఉండే కొక్కేనికే కట్టాలి. రెండో కారణం, రెండు చక్రాల ట్రాలీలో సరుకంతా ముందుకు పోయడం. సరుకు కొంత ఇరుసు వైపు జరపండి, ఆ తర్వాత ముందు ప్లేట్లు వేయండి. ట్రాక్టర్ బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద నిలవాలి. స్టీరింగ్ తేలికగా తిరుగుతోందంటే ఆ బరువు లేదన్నమాట. ఎప్పుడూ బరువు లోడేనంటే నాలుగు చక్రాల ట్రెయిలర్ తీసుకోండి, అది కొక్కెం మీద భారం మోపదు. కానీ వెనక్కి నడపడం కష్టం, బురదలో లాగడమూ కష్టమే.

బురదలో దిగబడ్డప్పుడు వెనక చక్రాలకు దుంగ కట్టి ఎక్సలరేటర్ ఇవ్వడం మన దగ్గర చాలామంది చేస్తారు. దయచేసి చేయకండి. చక్రం బిగుసుకుపోతే ఇంజను బలం ట్రాక్టర్ మూతినే లేపుతుంది, దూకేంత వ్యవధి కూడా ఉండదు. ట్రాలీ విప్పేసి, ట్రాక్టర్‌ను బయటికి తీసి, పొడి నేల మీద నుంచి పొడవాటి గొలుసుతో ట్రాలీని లాగండి.

ప్రశ్న: పత్తి ఏరడానికి కూలీలను ట్రాలీలో తీసుకుపోతే బీమా వస్తుందా? (మిర్యాలగూడ)

జవాబు: రాదనుకునే నడపండి. ట్రాక్టర్‌లో సీటు డ్రైవరు ఒక్కరికే, మడ్‌గార్డు మీద కూర్చున్నవారు కూడా లెక్కలో లేరు. ట్రాలీ సరుకు కోసం రిజిస్టరైంది. 2018 జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర ట్రాక్టర్ మూసీ కాలువలో బోల్తా పడి పది మందికి పైగా వ్యవసాయ కూలీలు చనిపోయారు. ఆటో కిరాయి కూలి లెక్కలో కలిపి మాట్లాడుకోండి. పాలసీలో ట్రాక్టర్ నంబరుతో పాటు ట్రాలీ నంబరు కూడా ఉందో లేదో ఈరోజే చూసుకోండి. లేకపోతే ట్రాలీ వల్ల జరిగిన నష్టానికి చిక్కులొస్తాయి.

ప్రశ్న: ట్రాలీ చక్రం ఒకటి ఎప్పుడూ వేడెక్కుతోంది. (గద్వాల)

జవాబు: రెండో వైపు హబ్‌తో పోల్చండి. అది చల్లగా, ఇది చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగు బిగువు ఎక్కువైంది, లేదా గ్రీజు ఎండిపోయింది. చక్రం లేపి చేత్తో ఊపి చూడండి. లూజుగా కొట్టుకుంటే అరిగింది. కిర్రుమంటూ బరువుగా తిరిగితే బిగువు. విప్పి, కిరోసిన్‌తో కడిగి, ఆరాక కొత్త గ్రీజు రోలర్ల మధ్యకు అరచేత్తో నొక్కి ఎక్కించండి. నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ గట్టిపడేదాకా బిగించి, ఆరో వంతు చుట్టు వెనక్కి వదిలి, కొత్త స్ప్లిట్ పిన్ను వేయండి. పాతది వంచి మళ్లీ వాడితే దారిలో విరుగుతుంది. గ్రీజు సీలు కూడా మార్చండి. మన బాటల దుమ్ము లోపలికి పోయేది దాని గుండానే.