‘గట్టిగా’ అనడానికి ఇంగ్లీషులో ఏ మాట వాడాలి?

ప్రశ్న: సార్, డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. ఉద్యోగానికి రాసిన లెటర్‌లో ‘ఐ హైలీ బిలీవ్’ అని పెడితే మా మేడం కొట్టేసి ‘స్ట్రాంగ్లీ’ అని రాశారు. ఎందుకని అడిగితే ‘అంతే, అలా అనరు’ అన్నారు. మరి ‘హైలీ రికమెండ్’ అని అందరూ అంటారు కదా? రికమెండ్‌కి లేని అభ్యంతరం బిలీవ్‌కి ఎందుకు? దీనికేమైనా రూల్ ఉందా, లేక బట్టీ కొట్టాల్సిందేనా?
– ఒక విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: మీ మేడం దిద్దింది కరెక్టే, కారణం మాత్రం సగంలో ఆపేశారు. ‘హైలీ’లో ‘హై’ ఉంది చూడండి, అంటే ఎత్తు. ఏదైనా ఒక కొలతలో బాగా పైన ఉందని చెప్పడానికే ఈ మాట ఎక్కువగా పనికొస్తుంది. అందుకే హైలీ క్వాలిఫైడ్, హైలీ పెయిడ్, హైలీ అన్‌లైక్లీ అంటారు. క్రియలతో మాత్రం దీనికి చుట్టరికం తక్కువ. రికమెండ్, ప్రెయిజ్, వాల్యూ, రేట్ లాంటి కొన్నింటితోనే కలుస్తుంది, అవన్నీ ఒకరకంగా ఎదుటివాళ్లకు మార్కులు వేసే పనులే. నమ్మడం మార్కులు వేయడం కాదు, నమ్మకానికి ఉండేది బలం. కాబట్టి స్ట్రాంగ్లీ బిలీవ్, లేదా ఫర్మ్‌లీ బిలీవ్.

రికమెండ్‌కి స్ట్రాంగ్లీ కూడా కుదురుతుంది, కానీ అర్థం కాస్త జరుగుతుంది. ఒక హోటల్ నచ్చి పదిమందికీ చెప్పాలంటే ‘హైలీ రికమెండ్’. డాక్టర్ సిగరెట్లు మానేయమని ఒత్తి చెబితే మామూలుగా ‘స్ట్రాంగ్లీ రికమెండ్’. మొదటిది మెచ్చుకోలు, రెండోది ఒత్తిడి.

అసలు చిక్కంతా మన ‘గట్టిగా’ దగ్గర ఉంది. గట్టిగా అరిచాడు, గట్టిగా పట్టుకో, గట్టిగా అడిగాను, గట్టిగా కొట్టాడు, గట్టిగా వాన పడింది, ఇన్నింటికీ మనకు ఒక్క మాట సరిపోతుంది. ఇంగ్లీషువాడు ఒక్కోచోట ఒక్కోటి తీస్తాడు: అరవడానికి లౌడ్లీ, పట్టుకోవడానికి టైట్లీ, అడగడానికి ఫర్మ్‌లీ, కొట్టడానికి హార్డ్, వానకి హెవీలీ (వానకి హార్డ్ కూడా నడుస్తుంది). మనం ఏ మాట ముందు నోటికొస్తే అది తగిలించి, గ్రామర్ తప్పు లేదు కదా అనుకుంటాం. నిజమే, గ్రామర్ తప్పు లేదు. కానీ అలా అనేవాళ్లు లేరు.

ఇదేదో ఇంగ్లీషుకే ఉన్న జబ్బు అనుకోకండి, మనమూ ఇదే పని చేస్తాం. చిమ్మచీకటి అంటాం, కటిక దరిద్రం అంటాం, పచ్చి అబద్ధం అంటాం. చిమ్మ దరిద్రం అని చూడండి, ఇంట్లో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ‘సుతరామూ ఒప్పుకోలేదు’ అనేవాళ్లం ‘సుతరామూ ఒప్పుకున్నాడు’ అని ఎప్పుడైనా అన్నామా? అచ్చం దానిలాంటిదే ‘ఫ్లాట్లీ రెఫ్యూజ్డ్’. ఫ్లాట్లీ కాదనొచ్చు, ఫ్లాట్లీ ఒప్పుకోవడం ఉండదు. ఫిర్త్ అనే బ్రిటిష్ భాషావేత్త ఒక మాటని దాని చుట్టూ ఉండే మాటల్ని బట్టే తెలుసుకోవాలని 1957లోనే రాశాడు. ఈ జతలకు కొలొకేషన్ అనే పేరు బాగా వ్యాప్తిలోకి రావడంలో ఆయన పాత్ర పెద్దది.

బట్టీ అక్కర్లేదు, ఆ మాటలో దాగి ఉన్న బొమ్మని పట్టుకోండి. మనసు లోపలికి దిగేవాటికి డీప్లీ: డీప్లీ హర్ట్, డీప్లీ గ్రేట్‌ఫుల్. బరువూ మోతాదూ ఉన్నవాటికి హెవీలీ: తాగుడు, అప్పు, ఒకరి మీద ఆధారపడటం. నిరాశకీ వణికించే చలికీ కూడా బిటర్లీ వాడతారు, అది ఎందుకో అడక్కండి, చేదు అంటే చేదే. ఇక బాడ్లీ మనవాళ్లని బాగా మోసం చేస్తుంది. ‘ఐ బాడ్లీ నీడ్ దిస్ జాబ్’ అంటే ఆ ఉద్యోగం చెడ్డగా కావాలని కాదు, తప్పనిసరిగా కావాలని. అయితే ఇంత మంచి వాక్యమూ జాబ్ అప్లికేషన్‌లో మాత్రం రాయకండి, జీతం తగ్గించేస్తారు.

ప్రశ్న: నెలంతా రాత్రింబవళ్లు చేసి, ‘ఐ హార్డ్లీ వర్క్డ్ ఆన్ దిస్’ అని టీమ్ లీడ్‌కి మెయిల్ పెట్టాను. పక్క సీటు అబ్బాయి చూసి ఒకటే నవ్వు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు పెద్దగా ఏమీ చేయలేదని మీరే రాసిచ్చారు. హార్డ్‌కి ‘లీ’ తగిలించనక్కర్లేదు, ‘ఐ వర్క్డ్ హార్డ్’ అంటే చాలు. హార్డ్లీకి ఒకప్పుడు ‘బలంగా’ అనే అర్థం ఉండేది గానీ అది ఎప్పుడో పోయింది, ఇప్పుడు ‘దాదాపు లేదు’ అనే. ఇంకో మెయిల్ పెట్టండి, ఈరోజే.

ప్రశ్న: న్యూస్ డెస్క్‌లో తెలుగు కాపీని ఇంగ్లీషు చేస్తుంటాను. ఫోర్స్‌ఫుల్లీ, ఫోర్సిబ్లీ ఒకటేనా? ‘తీవ్రంగా’ అని ఉన్న ప్రతిచోటా సివియర్లీ రాస్తే సరిపోతుందా?
– ఒక సబ్ ఎడిటర్, విజయవాడ

జవాబు: మొదటి రెండూ ఒకటి కావు. మంత్రి సభలో బల్ల గుద్ది వాదిస్తే ఫోర్స్‌ఫుల్లీ, అక్కడ ఉన్నది మాట బలం. గుడిసెల్లో ఉన్నవాళ్లను పోలీసులు ఈడ్చుకొచ్చి ఖాళీ చేయిస్తే ఫోర్సిబ్లీ, అంటే బలప్రయోగం. వార్తలో ఇవి తారుమారైతే అర్థమే మారిపోయి, పోలీసులు ఉపన్యాసం ఇచ్చి ఖాళీ చేయించినట్టు ఉంటుంది.

‘తీవ్రంగా’ని మన పత్రికలు అరగదీసేశాయి, అందుకే మీకు ఈ తిప్పలు. ‘తీవ్రంగా ఖండించారు’ అంటే స్ట్రాంగ్లీ కండెమ్డ్. ఆరోపణల్ని కోపంగా తోసిపుచ్చితే వీయమెంట్లీ డినైడ్, అది కేవలం ‘కాదన్నారు’ కంటే వేడిగా ఉంటుంది. తుపానుకి ఊళ్లు దెబ్బతింటే సివియర్లీ డ్యామేజ్డ్ సరిపోతుంది. మనుషులకు గాయాలైతే సీరియస్లీ ఇంజ్యూర్డ్ అనడం వార్తల అలవాటు. క్రిటికల్లీ అని మాత్రం తొందరపడి రాయకండి, అది ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకి. అటువైపు కుటుంబాలు ఉంటాయి, ఆ ఒక్క మాట చూసి పరుగెత్తుకొస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో కొత్తగా చేరాడు. వాళ్ల బాస్ వాడి పనిని ‘క్వైట్ గుడ్’ అన్నాడట. వాడు సంబరపడుతున్నాడు. పడొచ్చా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: బాస్ అమెరికావాడైతే పడొచ్చమ్మా, వాళ్లకది ‘చాలా బాగుంది’కి దగ్గర. బ్రిటిష్‌వాడైతే మాత్రం చాలాసార్లు ‘పర్వాలేదు’ అనే లెక్క, గొంతు ఎలా పలికిందన్న దాని మీద కొంత ఉంటుంది. క్వైట్ బ్రిలియంట్, క్వైట్ ఇంపాసిబుల్ లాంటి గరిష్ఠ స్థాయి మాటల ముందు అదే క్వైట్ ‘పూర్తిగా’ అయిపోతుంది, అక్కడ అనుమానం లేదు. బాస్ ఏ దేశంవాడో ముందు అబ్బాయిని అడగండి.