స్టాలు తీసుకునే ముందు: సౌజన్యకు మావయ్య ఉత్తరం

చి॥ సౌ॥ సౌజన్యకు, మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. ఎంవీపీ కాలనీ, గాజువాక, మధురవాడ మూడు టిఫిన్ షాపులూ నిలదొక్కుకున్నాయి, ఇక ఫ్రాంచైజీలిద్దాం, ఎక్స్‌పోలో, అంటే వ్యాపార ప్రదర్శనలో, స్టాలు పెట్టి పక్కనే ఫేస్‌బుక్ యాడ్స్ వేద్దాం అన్నావు. మంచిదే. కానీ మూడు రోజుల ఎక్స్‌పోలో స్టాలు దగ్గర నిలబడి ఎవడూ ఒక ఫ్రాంచైజీకయ్యే పద్దెనిమిది లక్షల పెట్టుబడి తీసి ఇవ్వడు. ఇచ్చేవాడు ఇంటికెళ్లి ఇల్లాలితో మాట్లాడతాడు, ఆడిటరుని అడుగుతాడు, నీకు చెప్పకుండా గాజువాక షాపుకొచ్చి ఇడ్లీ తిని జనాన్ని లెక్కపెట్టుకుంటాడు, ఆ తరవాత ఫోను చేస్తాడు. అందుకని స్టాలుకైనా యాడ్‌కైనా ఉన్న పని ఒక్కటే, తగిన మనిషిని పొద్దున్న ఏడు గంటలకి నీ గల్లాపెట్టె పక్కకి తీసుకొచ్చి నిలబెట్టడం. పెట్టే ప్రతి రూపాయినీ ఆ కొలతతోనే చూడు.

ముందు పేరు సంగతి. ట్రేడ్‌మార్క్‌కి దరఖాస్తు పెట్టకుండా స్టాలు బుక్ చెయ్యకు. హోటల్ సేవలకి 43వ క్లాసు (అంటే వర్గం), ప్యాకెట్లో కాఫీ పొడి కూడా అమ్ముతున్నావు గనక దానికి 30వ క్లాసు. ఆన్‌లైన్లో వేస్తే చిన్న సంస్థలకి క్లాసుకి 4,500 రూపాయల ఫీజు. మన రాష్ట్రం దరఖాస్తులు చూసేది చెన్నై ఆఫీసు. ట్రేడ్‌మార్క్‌ల జర్నల్లో పేరు పడ్డాక నాలుగు నెలలు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, కాబట్టి ఇది బేగి తేలే పని కాదు. ఈలోగా బోర్డు మీద టీఎం అని వేసుకోవచ్చు. గుండ్రంలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ చేతికొచ్చేదాకా వెయ్యకు, అది నేరం. ఫ్లెక్సుల షాపువాడు అందంగా ఉంటుందని వేసేస్తాడు, ప్రూఫు నువ్వే చూసుకో.

తరవాత లెక్కల కాగితం. స్టాలుకొచ్చినవాడు అడిగే మొదటి ప్రశ్న, "నెలకెంత మిగుల్తుంది?" దీనికి నోటిమాట జవాబు పనికిరాదు. నీ మూడు షాపుల పన్నెండు నెలల పుస్తకాలు తీసి ఒక్క పేజీ తయారుచెయ్యి. ఉదాహరణకి నెలకి 6 లక్షల అమ్మకం అనుకో. సరుకు 2,10,000, అద్దె 60,000, జీతాలు 1,20,000, కరెంటు గ్యాసు 35,000, ప్యాకింగు, డెలివరీ కమిషన్లు 40,000, చిల్లర ఖర్చులు 20,000. నీ రాయల్టీ, అంటే అమ్మకం మీద నెలనెలా నీకిచ్చే వాటా, 5 శాతం లెక్కన 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 5,400. అన్నీ పోను మిగిలేది 79,600. పద్దెనిమిది లక్షల పెట్టుబడి తిరిగి రావడానికి ఇరవై మూడు నెలలు.

ఆ జీఎస్టీ దగ్గరే చాలామంది జారతారు. హోటలు వేసేది 5 శాతం పన్ను, దానికి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నవాటి మీద కట్టిన పన్నుని తగ్గించుకునే వీలు, రాదు. అంటే రాయల్టీ మీదా, ఫ్రాంచైజీ ఫీజు మీదా నువ్వు వేసే 18 శాతం అవతలివాడికి వెనక్కి రాని ఖర్చు. నీ రాయల్టీ కాగితం మీద 5 శాతం, వాడి జేబుకి 5.9 శాతం. ముందే ఆ అంకె వేసి చూపించు. సంతకమయ్యాక తెలిస్తే మొదటి బిల్లు నుంచే గొడవ.

అదే కాగితం మీద రెండో వరస కూడా ఉండాలి, అమ్మకం పాతిక శాతం తగ్గి 4,50,000 అయితే ఏమవుతుందో. సరుకు 1,57,500కి దిగుతుంది, రాయల్టీ, ప్యాకింగు కూడా తగ్గుతాయి. అద్దె, జీతాలు, చిల్లర ఖర్చులు తగ్గవు. కరెంటు 30,000, ప్యాకింగు, కమిషన్లు 30,000, రాయల్టీ పన్నుతో 26,550 వేసుకుంటే చివరికి మిగిలేది ఆరు వేలకి లోపే. అమ్మకం పావు వంతు తగ్గితే లాభం పదమూడో వంతుకి పడిపోయింది చూడు. ఈ వరస చూసి వెళ్లిపోయేవాడు ఎలాగూ ఆరో నెలలో వెళ్లిపోయేవాడే. చూసి కూర్చుని అద్దె గురించి అడిగాడంటే, వాడి పేరు రాసుకో. "నెలకి ఇంత గ్యారంటీ" అని మాత్రం పాంప్లెట్లో, యాడ్లో, వాట్సాప్‌లో ఎక్కడా రాయొద్దు. రేపు నీ మీద సాక్ష్యంగా పనికొచ్చేది అదే.

ఇక స్టాలు. మామూలుగా ఇచ్చేది మూడు మీటర్లకి మూడు మీటర్లు. మూడు వైపులా ప్యానెళ్లు, పైన పేరుపట్టీ, ఒక టేబులు, రెండు కుర్చీలు, రెండు మూడు లైట్లు, ఒక 5 యాంప్స్ సాకెట్. ఆ సాకెట్ మీద 1,150 వాట్లకి మించి లాగలేవు. నువ్వు 3 కిలోవాట్ల ఇడ్లీ స్టీమరు పెడితే నీ స్టాలుతో పాటు పక్క స్టాళ్లు కూడా చీకటే. అదనపు లోడు కావాలంటే బుకింగ్ ఫారంలోనే కిలోవాట్లు రాసివ్వాలి, ఆ రోజు అడిగితే వైరు దొరకదు. గ్యాసు సిలిండరుకి సాధారణంగా ఒప్పుకోరు. అసలు అక్కడ వండే ఆలోచనే మానెయ్యి. ఎంవీపీ షాపునుంచి డికాషన్, పాలు విడివిడిగా ఫ్లాస్కుల్లో తెప్పించు. 60 మిల్లీలీటర్ల కప్పు లెక్కన ఐదు లీటర్లకి ఎనభై కప్పులొస్తాయి, రోజుకది చాలు.

కాఫీ ముందు బల్ల మీద పెట్టి అందరికీ పోశావంటే పంక్తి కడతారు. ఆ పంక్తి వెనక నిలబడి అసలు మాట్లాడదామని వచ్చినవాడు విసుక్కుని పక్క స్టాలుకెళ్తాడు. లోపల కుర్చీలో కూర్చుని మాట్లాడినవాళ్లకే కాఫీ ఇవ్వు.

మూల స్టాలు దొరికితే కొంచెం ఎక్కువైనా తీసుకో, రెండు వైపుల నుంచి జనం కనిపిస్తారు. వెనక గోడ మీద పెద్దక్షరాలు నిలబడ్డ మనిషి భుజం కంటే పైనే ఉండాలి. కింద సగం టేబులూ మనుషులూ కప్పేస్తారు. అక్కడ నీ బ్రాండు పేరు కన్నా పెద్దగా "టిఫిన్ షాపు ఫ్రాంచైజీ, పెట్టుబడి 18 లక్షలు, స్థలం 300 చదరపు అడుగులు" అని రాయించు. అంకె రాస్తే జనం తగ్గిపోతారని డిజైనరు అంటాడు. తగ్గనీ, మనక్కావలసింది అదే. ఒక్కో ప్యానెల్ మీటరు వెడల్పంటారు గానీ అల్యూమినియం పట్టీలు పోగా లోపల కనిపించేది తక్కువ, అక్షరాలు అంచుల నుంచి బెత్తెడు లోపలికి ఉంచాలి. మన సముద్రపు గాలికి డబుల్ టేపు మధ్యాహ్నానికే ఊడుతుంది, వెల్క్రో వాడు. పేరుపట్టీ మీద అక్షరాలు నిర్వాహకులే వేయిస్తారు, తప్పులుంటాయి, ముందురోజు సాయంత్రమే వెళ్లి చూడు.

తేదీల విషయం. ఏయూ ఇంజనీరింగ్ కాలేజీ మైదానం లాంటి చోట హ్యాంగర్లు, అంటే పెద్ద తాత్కాలిక షెడ్లు, వేసే ఎక్స్‌పో అయితే అక్టోబరు, నవంబరు తేదీలకి నేనైతే డబ్బు కట్టను. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. తుపాను వస్తే స్టాలు డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా అన్నది ఫారంలో చదివి సంతకం పెట్టు.

మనుషులు ముగ్గురు కావాలి. ఇద్దరు నడవలో, ఒకరు టేబులు దగ్గర. నడవలో ఉన్నవాళ్లు కూర్చోకూడదు, ఫోను చూడకూడదు. మాట కలిపాక మూడే ప్రశ్నలు: ఏ ఊళ్లో పెడదామనుకుంటున్నారు, షాపులో రోజూ ఎవరుంటారు, డబ్బు సొంతమా, బ్యాంకు లోనా. జవాబుల్ని బట్టి చీటీ మీద ఒకటో రకం (బాగా తగినవాడు), రెండో రకం, మూడో రకం అని అక్కడికక్కడే రాయాలి. సాయంత్రం రాద్దామనుకుంటే ముఖాలన్నీ కలిసిపోతాయి. ఒక మాట చెప్పాలి. స్టీల్‌ప్లాంటులో వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లు, నేవీలో రిటైరైనవాళ్లు మన ఊళ్లో చాలామంది వస్తారు. చేతిలో ఉన్నది మొత్తం ఇదే అన్నవాళ్లకి, షాపులో ఉండేదెవరంటే "మనిషిని పెడతాం" అన్నవాళ్లకి ఇవ్వకు. వాళ్ల డబ్బు పోతే ఆ వీధిలో నీ పేరూ పోతుంది.

ఎక్స్‌పో ఆఫర్ అని ఫీజులో లక్ష తగ్గించడం, స్టాలు దగ్గరే అడ్వాన్సు తీసుకోవడం, రెండూ వద్దు. ఒకసారి తగ్గిస్తే ఆ ఫీజుకి నువ్వే విలువ ఇవ్వలేదని అర్థం.

ఆన్‌లైన్ సంగతికొస్తే, టిఫిన్ తినేవాళ్లకి వేసే యాడ్స్, ఫ్రాంచైజీ యాడ్స్ వేరు వేరుగా నడపాలి, డబ్బులు కూడా వేరే రాసుకోవాలి. ఫేస్‌బుక్‌లో లీడ్ ఫారం (ఆసక్తి ఉన్నవాళ్లు వివరాలు నింపే ఫారం) పెట్టేటప్పుడు ఎక్కువ లీడ్లు వచ్చే రకం కాకుండా, ఆసక్తి ఉన్నవాళ్లని వడకట్టే రకం ఎంచుకో. అందులో పంపేముందు మళ్లీ చూసుకుని నొక్కాలి. ఫోను నంబరు దానంతటదే నిండుతుంది, అది చాలామందికి ఎప్పుడో వదిలేసిన నంబరు. అందుకే "మీ వాట్సాప్ నంబరు" అని వేరే ప్రశ్న పెట్టి చేత్తో టైపు చేయించు. ఊరు, పెట్టుబడి, ఎప్పుడు మొదలుపెడతారు, ఈ మూడూ చాలు. ఫారం డేటా తొంభై రోజులే దొరుకుతుంది, ప్రతి సోమవారం డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. విశాఖ, అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం దాటి వెయ్యకు. కడపలో షాపు పెడితే పిండి నాణ్యత చూడ్డానికి ఎవరెళ్తారు? యాడ్‌ని రోజూ కెలక్కు. పెద్దగా మార్చిన ప్రతిసారీ ఆ సిస్టం నేర్చుకోవడం మొదటికొస్తుంది.

గూగుల్లో అయితే వెతికేవాడే నీ దగ్గరికొస్తాడు, తక్కువ మొత్తంతో మొదలుపెట్టొచ్చు. జాబ్స్, జీతం, రెసిపీ, మెనూ, ఫ్రీ లాంటి మాటల్ని నెగెటివ్ జాబితాలో (ఈ మాటలకి యాడ్ చూపించొద్దనే జాబితాలో) వెయ్యకపోతే సగం డబ్బు ఉద్యోగాలు వెతికేవాళ్లకి పోతుంది. లొకేషన్ దగ్గర "ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లు" అన్నది పెట్టు. మామూలుగా ఉండే సెట్టింగులో ఆ ఊరి మీద ఆసక్తి ఉన్నవాళ్లు కూడా వస్తారు, అంటే విశాఖ టూరుకి హోటళ్లు వెతికే ఢిల్లీవాళ్లు.

ఈ రెండింటినీ ఎక్స్‌పోకి ముడిపెట్టేది క్యూఆర్ కోడు. స్టాలుకొకటి, షాపు బిల్లుకొకటి, పేపర్లో పాంప్లెట్‌కొకటి, ఒక్కోదాని వెనక వేరే మెసేజ్ రాసి పెట్టు. వాట్సాప్ తెరవగానే "ఎక్స్‌పో నుంచి" అనో "గాజువాక షాపు నుంచి" అనో ముందే పడుతుంది, ఎవరు ఎటునుంచి వచ్చారో తెలుస్తుంది. నీ నంబరు వాళ్ల ఫోనులో అక్కడే సేవ్ చేయించు, లేకపోతే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ వాళ్లకి చేరదు. జనంలో నెట్ రాదు, షాపు వీడియో పెన్‌డ్రైవ్‌లో ఉంచుకో.

ఒకటో రకం చీటీలకి ఆ రాత్రే ఫోను చెయ్యాలి. మర్నాడు కాదు. షాపుకి ఏ రోజు వస్తారో తేదీ తీసుకుని, ఏడు నుంచి తొమ్మిది దాకా నిలబడనివ్వు. రద్దీ, పనిమనిషి రాని రోజు, ఇడ్లీ అయిపోయి కస్టమరు అరిచేది, అన్నీ చూడనీ. ఎక్స్‌పో ఖర్చంతా, అంటే అద్దె, దాని మీద జీఎస్టీ, ప్రింటింగు, మనుషుల జీతం, అన్నీ కలిపి అలా షాపుకొచ్చినవాళ్ల సంఖ్యతో భాగించు. యాడ్స్‌కీ అదే లెక్క. ఏది చవకో అప్పుడు నీకే తెలుస్తుంది.

ఒప్పందంలో రెండు సంగతులు వకీలుతో గట్టిగా రాయించు. ఫ్రాంచైజీకిచ్చే ఏరియాని "గాజువాక" అని వదిలెయ్యకు. జాతీయ రహదారి 16కి ఏ వైపో, ఏ జంక్షన్ నుంచి ఏ జంక్షన్ దాకానో రాయాలి, హైవే దాటి టిఫిన్‌కి ఎవరూ రారు. డెలివరీ యాప్‌లు ఆ గీతల్ని పట్టించుకోవని కూడా అందులోనే చెప్పాలి. రెండోది, ప్రతి షాపు గూగుల్ లిస్టింగూ, ఇన్‌స్టా పేజీ నీ కంపెనీ మెయిల్ మీదే తెరవాలి, ఫ్రాంచైజీ వాళ్లకి మేనేజరు హక్కే ఇవ్వాలి. వాళ్ల సొంత మెయిల్ మీద ఉంటే, రేపు విడిపోయినప్పుడు రెండేళ్ల రివ్యూలు కొత్త బోర్డు పేరుకి మారిపోతాయి.

నీ పేరుతో దొంగ వెబ్‌సైట్ పెట్టి రిజిస్ట్రేషన్ ఫీజు వసూలు చేసేవాళ్లు బయల్దేరతారు, బ్రాండు కాస్త తెలియగానే. డాట్ ఇన్, డాట్ కామ్ రెండూ ఈ వారమే కొనెయ్యి. ఫ్రాంచైజీకి డబ్బు ఫలానా కంపెనీ ఖాతాకి తప్ప ఎక్కడా కట్టొద్దని సైటులో మొదటి పేజీలోనే రాయించు.

లెక్కల కాగితం తయారయ్యాక స్టాలు ఫారం మీద సంతకం పెట్టేముందు నాకు పంపు. ఆదివారం పొద్దున్నయితే కూర్చుని చూస్తాను, అత్త కూడా నిన్ను రమ్మంటోంది.

మావయ్య
విశాఖపట్నం