తాకే ముందు బాబుకు చెప్పండి

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్ళు. వాడు కడుపులో ఉండగా నాకు మూడో నెలలో జ్వరం, దద్దుర్లు వచ్చి తగ్గాయి. బాబు కంటిశుక్లాలతో పుట్టాడు. ఆపరేషన్ అయినా వెలుగునీడలే తెలుస్తాయని, చెవులు దాదాపు వినిపించవని అన్నారు. ఎత్తుకుంటే కొరుకుతాడు, స్నానమంటే ఏడుస్తాడు. మా అత్తగారే అన్నం తినిపిస్తారు. ఏడేళ్ళ అక్క వాడితో ఎలా ఆడాలో తెలియక దూరంగా ఉంటోంది. ఇదంతా నా వల్లేనా? ఇంట్లో మేమేం చేయాలి?
– ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, గర్భం తొలి నెలల్లో రుబెల్లా (జ్వరం, దద్దుర్లతో వచ్చే వైరస్ జబ్బు) సోకితే బిడ్డకు శుక్లాలు, చెవుడు, గుండె లోపాలు రావచ్చు. మీ బాబు విషయంలో కారణం అదేనా అన్నది వైద్యులు తేల్చాలి గానీ, అదే అయినా మీ తప్పు ఏమాత్రం లేదు. తట్టు-రుబెల్లా టీకా మన దేశంలో 2017లోనే పెద్ద ఎత్తున మొదలైంది గనుక, చిన్నతనంలో మీకు అది అంది ఉండకపోవచ్చు.

బాబు కొరకడం మొండితనం కాదు. అడుగుల చప్పుడు వినపడక, వచ్చే మనిషి కనపడక, ఉన్నట్టుండి ఎవరో పైకి లేపేస్తే ఏ పసివాడైనా హడలిపోతాడు. అందువల్ల ఎత్తుకునే ముందు ప్రతిసారీ భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఆగి, మీరెవరో తెలిపే గుర్తును వాడి చేతికి అందించండి. మీకు గాజులు, నాన్నకు వాచీ, అవ్వకు చీర చెంగు, అక్కకు జడ: ఎవరి గుర్తు వారిదిగా ఉండాలి, రోజుకొకటి మారకూడదు. అలాగే స్నానానికి ముందు చెంబు, వీధిలోకి వెళ్ళే ముందు చెప్పులు తాకించండి. ఫలితం కనిపించడానికి నెలలు పట్టినా మానవద్దు.

అత్తగారి ప్రేమను తక్కువ చేయడం లేదు గానీ, ముద్ద నేరుగా నోటికే వస్తుంటే అన్నం ఎక్కడి నుంచి వస్తుందో ఆ బిడ్డకు తెలిసే దారి లేదు. చూడగలిగిన పిల్లలు బియ్యం కడగడం, వార్చడం, కలపడం చూస్తూనే తెలుసుకుంటారు; మీ బాబు చేతులతోనే తెలుసుకోవాలి. బియ్యం కడిగేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. అన్నం కలిపేటప్పుడు వాడి చెయ్యి పట్టి లాగకుండా, మీ చేతి మీద వాడి చెయ్యి ఆనించుకోనివ్వండి. ఇష్టం లేనప్పుడు వెనక్కి తీసుకునే స్వేచ్ఛ వాడికి ఉండాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

అమెరికా రచయిత్రి హెలెన్ కెల్లర్‌కు 19 నెలల వయసులో జబ్బు చేసి చూపు, వినికిడి పోయాయి. 1887లో ఉపాధ్యాయిని ఆన్ సలివాన్ రాకముందే ఆమె ఇంట్లో ఎన్నో సైగలు తానే కల్పించుకున్నది. వాటిని బాగా అర్థం చేసుకున్నది వంటమనిషి కూతురైన ఒక చిన్నపిల్ల. మీ పాపను కూడా తమ్ముడి పక్కన కూర్చోనివ్వండి. ఉయ్యాల ఊపి ఆపితే, మళ్ళీ కావాలని బాబు ఒళ్ళు కదిలిస్తాడు. ఆ కదలికను గుర్తించి వెంటనే ఊపడమే వాళ్ళ తొలి సంభాషణ.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చూపు, వినికిడి రెండూ లోపించడాన్ని బహుళ వైకల్యంగా గుర్తించింది. దివ్యాంగులకు ఇచ్చే గుర్తింపు కార్డు యూడీఐడీకి దరఖాస్తు చేయండి. నెల్లూరులో దివ్యాంగుల కోసం ఉన్న ప్రాంతీయ కేంద్రం సీఆర్‌సీలో గానీ, చెన్నై దగ్గర ముట్టుకాడులోని బహుళ వైకల్యాల జాతీయ సంస్థలో గానీ బాబును చూపించండి. శుక్లాలు తీసిన కళ్ళకు అద్దాలు, చెవులకు యంత్రం పనికొస్తాయేమో మళ్ళీ పరీక్ష చేయించండి. బాబు చేసే ప్రతి సైగనూ, దాని వెనకున్న కోరికనూ ఒక నోటుపుస్తకంలో రాసి వెంట తీసుకెళ్తే, అక్కడి ఉపాధ్యాయులు ఆ సైగలతోనే పాఠం మొదలుపెట్టగలుగుతారు.