నూట ఐదును 1005 అని రాసే పాపకు ఎలా నేర్పాలి?

రెండో తరగతి చదివే మీ పాప నూట ఐదు రాయమంటే 1005 అని రాస్తోందని, ఎన్నిసార్లు దిద్దించినా మళ్లీ అదే రాస్తోందని అడిగారు. దయచేసి కోప్పడకండి. 'నూట' అనగానే 100 రాసింది, 'ఐదు' అనగానే పక్కన 5 పెట్టింది. విన్నది విన్నట్టే రాసింది పాపం. హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా చిన్న తరగతులకు చెబుతున్నాను, ఏటా నా క్లాసులో ఐదారుగురు ఇలాగే రాస్తారు.

మొదట్లో నేనూ బోర్డు మీద గళ్లు గీసి వందలు, పదులు, ఒకట్లు అని వల్లె వేయించేదాన్ని. గళ్లలో అంకెలు చక్కగా వేసేవాళ్లు. 34లో 3 అంటే ఎంత అని అడిగితే మాత్రం "మూడు" అనేవాళ్లు!

ఇప్పుడు చీపురు పుల్లలతో మొదలుపెడతాను. పాచిక వేసి, పడినన్ని పుల్లలు తీసుకోవాలి. పది కాగానే రబ్బరు బ్యాండు వేయాలి. ఆ కట్ట పిల్లలే కట్టాలి. మనం కట్టి ఇస్తే అందులో పది ఉన్నాయన్న నమ్మకం వాళ్లకు కుదరదు. పది రూపాయల నోటు నేను తర్వాతే వాడేదీ అందుకే, దాన్ని విప్పి చూడలేరు కదా. రెండు రోజులయ్యాక ఆట తిప్పేస్తాను. మూడు కట్టలతో మొదలుపెట్టి, పాచికలో పడినన్ని తిరిగి ఇచ్చేయాలి. చేతిలో విడి పుల్లలు ఉండవు. అక్కడ ఆగిపోయి, నా మొహం చూసి, "విప్పొచ్చా టీచర్?" అంటారు. తీసివేతలో పక్క స్థానం నుంచి ఒకటి తెచ్చుకోవడం వాళ్లకు అర్థమయ్యేది అప్పుడే.

ఇక 1005 సంగతి. పాత శుభలేఖల అట్టలు కత్తిరించండి. పొడవాటి ముక్క మీద 100, పొట్టి ముక్క మీద 5 రాయండి. 5 ముక్క సరిగ్గా ఒక్క అంకె వెడల్పే ఉండాలి. కుడి అంచులు కలిపి 100 మీద 5 పెడితే చివరి సున్నా కప్పుకుపోయి 105 కనిపిస్తుంది. కిందటేడు ఒక బాబు ఆ ముక్కను పదేపదే ఎత్తి చూసి, "సున్నా పోలేదు టీచర్, ఐదు కింద దాక్కుంది" అన్నాడు. ఆ తర్వాత వాడు 1005 రాయలేదు.

ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు కొందరు 25ను 52 అని రాస్తారు. 'పచ్చీస్'లో ఐదే ముందు వినిపిస్తుంది మరి. వాళ్లచేత "రెండు పదులు, ఐదు" అని పలికిస్తూ రాయిస్తాను.

ఇంట్లో అయితే వేళ్ల ఆట ఆడండి. పాప ఒకట్లు, మీరు పదులు. పాప ఒక్కో వేలు ఎత్తుతూ లెక్కపెట్టాలి. పది వేళ్లూ అయిపోగానే అన్నీ ముడిచేయాలి, మీరు ఒక వేలు ఎత్తాలి. 99 దాటేసరికి మీ ఇద్దరి చేతులూ ముడుచుకుపోతాయి. అప్పుడు వంద చూపించడానికి పాపే వెళ్లి ఇంట్లో ఇంకొకరిని పిలుచుకొస్తుంది.