ఆ పీడీఎఫ్‌పై సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. డిగ్రీ అయ్యాక రెండేళ్ల నుంచి హైదరాబాద్‌లోని ఒక వెబ్‌సైట్‌కు వీడియో గేమ్‌ల రివ్యూలు, సినిమా వ్యాసాలు రాస్తున్నాను. ఉద్యోగం కాదు, ఒక్కో వ్యాసానికి 1,500 రూపాయలు. మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లోనే. 22 వ్యాసాల డబ్బు, అంటే 33,000 రూపాయలు, ఇంకా రాలేదు. అడిగితే ‘గేమ్ కీలు (గేమ్‌ను తెరిచే కోడ్‌లు) ఫ్రీగా ఇప్పించాం కదా’ అంటున్నారు. ఈ మధ్య నా పేరు తీసేసి ‘డెస్క్’ అని పెట్టారు. నేను రాసిన ఒక గేమ్ సిరీస్‌ను వాయిస్ ఓవర్‌తో యూట్యూబ్ వీడియోలుగా చేశారు. ఇప్పుడు ఇంగ్లిష్‌లో ఒక అగ్రిమెంటు పీడీఎఫ్ పంపి, సంతకం పెడితేనే బకాయి ఇస్తామంటున్నారు. ఇది చాలదన్నట్టు, నేను బాగాలేదని రాసిన ఒక సినిమా తాలూకు వాళ్లు పరువు నష్టం కేసు వేస్తామని ఫోన్ చేశారు. టెన్షన్‌గా ఉంది సార్. 420 కేసు పెట్టమని మిత్రులు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ పీడీఎఫ్ సంగతి. ఇప్పుడున్న రూపంలో దానిపై సంతకం పెట్టకండి.

మీరు పంపిన కాపీ చూశాను. ఇప్పటిదాకా రాసినవి, ఇకముందు రాయబోయేవి, అన్ని మాధ్యమాల్లో, ప్రపంచమంతటా, ఎల్లకాలం కంపెనీవే అని అందులో ఉంది. పక్కన ‘వర్క్ ఫర్ హైర్’ అనే మాట కూడా ఉంది. రాయించుకున్నవాళ్లదే రచన అని దాని అర్థం, అది అమెరికా చట్టంలోని మాట. మన 1957 కాపీరైట్ చట్టంలో అది కనిపించదు. ఎక్కడిదో ఫార్మాట్ తెచ్చి పేర్లు మార్చారు, అంతే. నాకు నవ్వు వచ్చింది దానికి కాదు. ఆ వ్యాసాలు ఇప్పటికే వాళ్లవైతే మీ సంతకంతో వాళ్లకేం పని?

డబ్బిచ్చి రాయించుకున్నవాళ్లదే రచన అని మన దగ్గర చాలామంది అనుకుంటారు. వరంగల్ కొత్తవాడలో నూలు ఇచ్చి కూలికి నేయిస్తే ఆ జంపఖానా నేయించినాయనది అవుతుంది, రచన కూడా అంతే కదా అని. చట్టం అట్లా అనలేదు. 17వ సెక్షన్ ప్రకారం రచనకు మొదటి యజమాని రాసినవాడే. జీతం మీద, ఉద్యోగంలో భాగంగా రాస్తే లెక్క వేరు, అప్పుడు యాజమాన్యానికి హక్కు వెళ్తుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వేయించుకున్న చిత్రం, తీయించుకున్న సినిమా కూడా, వేరే ఒప్పందం లేకపోతే, చేయించుకున్నవాళ్లవే. ఆ జాబితాలో వ్యాసం లేదు. మీకు జీతం లేదు, హాజరు లేదు, పీఎఫ్ లేదు. కాబట్టి ఆ రెండేళ్ల రాతలన్నీ మీవే. వాటిని వాళ్ల సైట్‌లో వేసుకోవడానికి మీరు ఒప్పుకున్నారు, అంతవరకే.

ఆ హక్కు వాళ్లకు దాటాలంటే మీరు సంతకం చేసిన కాగితం ఉండాలని 19వ సెక్షన్ చెబుతుంది. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత సొమ్ము అనేవన్నీ అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ‘ఎల్లకాలం, ప్రపంచమంతటా’ అని వాళ్లు అంత జాగ్రత్తగా రాయించుకున్నది ఇందుకే. ఇంకో మాట, లింకు నొక్కి ఆధార్ ఓటీపీతో చేసే ఈ-సైన్ కూడా సంతకమే. పెన్ను పట్టుకోలేదు కదా అని ఏమరకండి.

మరి వాళ్లతో పని మానుకోవాలా? అక్కర్లేదు. రెండు విషయాలు విడగొట్టి మెయిల్ పెట్టండి. పాత 33,000 రూపాయలు చేసిన పనికి రావాల్సిన సొమ్ము, దానికి కొత్త సంతకంతో సంబంధం లేదు. ఇకముందు రాసేవాటికి మాత్రం అగ్రిమెంటుకు సిద్ధం: వెబ్‌సైట్‌లో ప్రచురణ వరకు, రెండేళ్లు, నా పేరుతో, వీడియో చేసుకుంటే వేరే రేటు. ఒప్పుకుంటారా లేదా అన్నది తర్వాతి సంగతి. మీరేం అడిగారో రాతలో ఉంటుంది.

పేరు తీసేయడం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. డబ్బు కంటే అదే మిమ్మల్ని ఎక్కువ బాధ పెట్టిందని నా అనుమానం. 57వ సెక్షన్ సరిగ్గా దీని గురించే. కాపీరైట్ అమ్ముకున్న తర్వాత కూడా ‘ఇది రాసింది నేను’ అని చెప్పుకునే హక్కు రచయిత దగ్గరే ఉంటుంది. రచనను మీ పరువు పోయేలా వికృతం చేస్తే అడిగే హక్కు కూడా అంతే. పేరు తిరిగి పెట్టమని మెయిల్‌లో స్పష్టంగా అడగండి.

ఇక వీడియోలు. ఒక రచన నుంచి సినిమా గానీ సౌండ్ రికార్డింగ్ గానీ చేసే హక్కును 14వ సెక్షన్ రచయితకు విడిగా ఇచ్చింది. సైట్‌లో వేసుకోమన్నంత మాత్రాన గొంతు పెట్టి చదివించుకోమన్నట్టు కాదు. అయితే ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఐడియాకు కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. తన నాటకాన్ని సినిమాగా కాపీ కొట్టారన్న రచయిత ఆ కేసులో ఓడిపోయాడు. ఫలానా గేమ్‌లో మూడో లెవల్ బోరు, బాస్ ఫైట్ అనవసరంగా సాగదీశారు అన్న మీ అభిప్రాయాన్ని వాళ్ల సొంత మాటల్లో చెబితే మీరు చేయగలిగింది తక్కువ. మీ వాక్యాలే చదివితే మీ చేయి పైన. అందుకని ఒక్కో వీడియో వింటూ, ఎన్నో నిమిషంలో మీ వ్యాసంలోని ఏ పేరా వచ్చిందో పక్కపక్కన రాసుకోండి. విసుగు పుట్టించే పనే. రేపు జడ్జిగారు చూసేది మాత్రం ఆ కాగితమే.

యూట్యూబ్‌కు కాపీరైట్ ఫిర్యాదు మీరే పెట్టుకోవచ్చు, లాయరు అక్కర్లేదు. కానీ అంతకుముందే వీడియోలు, వాటి లింకులు, తేదీలు భద్రం చేసుకోండి. తీసేయించాక సాక్ష్యం ఎక్కడుందని వెతుక్కునే క్లయింట్లను చూశాను. మీరు గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే దాని వెర్షన్ హిస్టరీ మంచి సాక్ష్యం, ఏ రోజు ఏ వాక్యం రాశారో అందులో తెలుస్తుంది. ఆ ఫైళ్లు చెరపకండి, మెయిల్ అకౌంట్ మూసేయకండి. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే రచనకు ఫీజు 500 రూపాయలు, కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది. ఆ సిరీస్ ఒక్కదానికి చేయించినా మంచిదే.

డబ్బు దగ్గరికి వద్దాం. గేమ్ కీలే మీ పారితోషికం అన్న వాదన చెల్లదు. రివ్యూ కోసం కంపెనీలు ఇచ్చే కీ పనికి కావలసిన సరుకు, కూలి కాదు. మేస్త్రీకి సిమెంటు ఇచ్చి అదే కూలి అనుకో అన్నట్టుంది. వ్యాసానికి 1,500 అన్న మెసేజ్ మీ ఫోన్‌లో ఉంది కదా, వాట్సాప్‌లో కుదిరినా ఒప్పందం ఒప్పందమే. (కీ ఉచితంగా వచ్చిందని రివ్యూలో ఒక లైను రాస్తున్నారా? 2022 నాటి ప్రకటనల మార్గదర్శకాలు వచ్చాక ఉచితంగా తీసుకున్న సంగతి చెప్పేయడమే మీకు క్షేమం.)

ఆ చాట్ కోర్టులో నిలబడాలంటే స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం రెండు భాగాల సర్టిఫికెట్ జత చేయాలి, ఒకటి మీరు, ఇంకొకటి నిపుణుడు ఇవ్వాలి. అది కేసు వేసేటప్పటి పని. ఇప్పటికి చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి మీకే మెయిల్ చేసుకోండి, ఫోన్ మార్చకండి, మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగు ఉంటే ఆపేయండి. అట్లాగే ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో మీ 26ఏఎస్, అంటే మీ పేరు మీద ముందే కోసి కట్టిన పన్ను (టీడీఎస్) లెక్క చూపే పత్రం, తీసి చూడండి. చెల్లించని వ్యాసాలకు కూడా మీ పాన్ మీద టీడీఎస్ కట్టినట్టు కనిపిస్తే, బాకీ ఉన్నట్టు వాళ్ల లెక్కలే చెబుతున్నాయన్నమాట.

420 కేసు ఆలోచన వదిలేయండి. ఆ నంబరే ఇప్పుడు లేదు, మోసం భారతీయ న్యాయ సంహితలో 318కి మారింది. మొదటి రోజు నుంచే ఎగ్గొట్టాలన్న ఉద్దేశం ఉందని చూపాలి. మీకు ఏడాదికి పైగా సరిగ్గానే చెల్లించారు కాబట్టి, స్టేషన్‌లో ‘ఇది సివిల్ గొడవ’ అని పంపిస్తారు. లేబర్ ఆఫీసు, వినియోగదారుల కమిషన్ కూడా మీకు పనికిరావు, మీరు వాళ్ల ఉద్యోగీ కాదు, కొనుగోలుదారూ కాదు.

పనికొచ్చే దారి ఇది. వ్యాసం పేరు, ఇచ్చిన తేదీ, మొత్తం రాసి ఇన్‌వాయిస్ పంపండి, 15 రోజుల గడువు పెట్టండి. రాకపోతే స్పీడ్ పోస్టులో లీగల్ నోటీసు. అప్పటికీ కదలకపోతే మీ హనుమకొండలో అదాలత్ అనే కూడలి దగ్గరి కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టండి. 33,000 రూపాయల గొడవకు సివిల్ సూట్ కంటే ఇదే నయమని లాయరునై ఉండి చెబుతున్నాను. రాజీ కుదిరితే అక్కడ రాసిచ్చే తీర్పు (అవార్డు అంటారు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అవతలివాళ్లు రాకపోతే మాత్రం లోక్ అదాలత్ బలవంతం చేయలేదు, సూట్ వేయాల్సిందే. దానికి గడువు మూడేళ్లు. ఒక్కో వ్యాసానికీ అప్పగించిన తేదీ నుంచి విడిగా లెక్కేసుకోండి. కాపీరైట్ ఉల్లంఘన దావాకు ఇంకో వెసులుబాటు ఉంది. 62వ సెక్షన్ ప్రకారం మీరు ఉండే చోటి జిల్లా కోర్టులోనే వేయవచ్చు, హైదరాబాద్ బస్సు ఎక్కనక్కర్లేదు.

ఈ వారంలోనే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేసుకోండి, ఫీజు లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం సేవలకు కూడా వర్తిస్తుంది. డబ్బు చెల్లించడానికి ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. రిజిస్ట్రేషన్‌కు ముందు చేసిన పనికి ఈ లాభం దొరకదని 2021లో సుప్రీంకోర్టు అన్నది కాబట్టి పాత బాకీకి దీనిపై ఆశ పెట్టుకోకండి. రేపటి వ్యాసాలకు పనికొస్తుంది.

చివరగా ఆ సినిమా వాళ్ల ఫోన్. పరువు నష్టం గురించిన న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఆరో మినహాయింపు మీలాంటివాళ్ల కోసమే ఉంది. ప్రజల తీర్పుకు పెట్టిన రచన మీద, ప్రదర్శన మీద సదుద్దేశంతో చెప్పిన అభిప్రాయం నేరం కాదు. చట్టంలోనే ఉదాహరణలు ఇచ్చారు. ఫలానావాడి పుస్తకం తెలివితక్కువగా ఉంది, వాడు బలహీనుడై ఉండాలి అంటే తప్పు లేదు, ఆ అభిప్రాయం పుస్తకం నుంచే పుట్టింది. వాడు బలహీనుడు, తిరుగుబోతు, కాబట్టి పుస్తకం ఇట్లా ఉండటంలో ఆశ్చర్యం లేదు అంటే మినహాయింపు దాటినట్టే. మీ రివ్యూ చదివాను. స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్, పాటల గురించి అన్నవన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ‘నిర్మాత జూనియర్ ఆర్టిస్టులకు డబ్బు ఎగ్గొట్టాడట’ అన్న ఆ ఒక్క వాక్యం మాత్రం సినిమా చూసి చెప్పింది కాదు, ఎవరో చెబితే రాసింది. రుజువు చేతిలో లేకపోతే సైట్ వాళ్లకు మెయిల్ పెట్టి దాన్ని తీయించండి. ఫోన్ చేసినవాళ్లకు మీరు తిరిగి ఫోన్ చేయకండి. కాగితం మీద నోటీసు వస్తే, అందిన తేదీ కవరు మీదే రాసి, కవరుతో సహా తీసుకుని రండి.